వార్డులకు చీటీలు వేశాక పక్షపాతం ఎక్కడి నుంచి దూరుతుంది?

వానలు మొదలయ్యాయంటే విశాఖలో డెంగీ మాట మొదలైనట్టే. శుక్రవారం డ్రై డే అంటూ సిబ్బంది వచ్చి నీళ్ల డ్రమ్ముల్లోకి టార్చి వేసి చూస్తారు, సాయంత్రం ఫాగింగ్ బండి పొగ వదులుకుంటూ పోతుంది. ఆ వెనకే వాట్సాప్‌లో కబుర్లు. ఫలానా మందు కొట్టిన వార్డుల్లో జ్వరాలు సగానికి తగ్గాయట, ఫలానా ఊళ్లో ప్రయోగం చేసి తేల్చేశారట. దోమల సంగతే కాదు. కొత్త టీకా, బీపీ శిబిరాలు, బడుల్లో కొత్త బోధన, ఉపాధి కూలీ చెల్లించే పద్ధతి, ఏది వచ్చినా ఇదే వరస. కొన్ని ఊళ్లలో పెట్టారు, కొన్ని ఊళ్లలో పెట్టలేదు, పెట్టినచోట బాగుంది. ఊళ్లను లాటరీ వేసే ఎంచారని కూడా చెబుతారు. లాటరీ అన్నాక ఇంక అనుమానమెందుకు అనిపిస్తుంది. అనుమానం అక్కడే మొదలుపెట్టాలి.

మనిషికి కాదు, వార్డుకు లాటరీ

మందుబిళ్ల సంగతైతే తేలిక. వెయ్యిమంది రోగుల్ని తీసుకుని, ఒక్కొక్కరికీ లాటరీ వేసి, సగంమందికి అసలు మందు, మిగతా సగానికి ఉత్తి బిళ్ల ఇస్తారు. వయసు, డబ్బు, జబ్బు తీవ్రత, మనకు తెలియని ఇంకా ఎన్నో సంగతులు రెండు వైపులా ఇంచుమించు సమానంగా సర్దుకుంటాయి. ఆ తర్వాత తేడా కనబడితే దాన్ని మందు ఖాతాలో వేయొచ్చు.

దోమ దగ్గర ఈ పద్ధతి సాగదు. వీధిలో ఎడమవైపు ఇళ్లకు మందు కొట్టి కుడివైపు వదిలేస్తే దోమ రోడ్డు దాటకుండా ఆగుతుందా? అలాగే, ఒక ఆశా కార్యకర్తకు కొత్త శిక్షణ ఇచ్చి, నీ పరిధిలో సగంమంది ముందు నేర్చుకున్నది మర్చిపోమ్మా అనలేం. అందుకని వార్డుకు వార్డునో, ఊరికి ఊరినో, బడికి బడినో లాటరీలో పెడతారు. కొన్ని గుంపులకు కొత్త పద్ధతి, కొన్నిటికి పాత పద్ధతి. పాత పద్ధతిలో ఉన్నవాటిని కంట్రోల్ గుంపులంటారు. ఇలా గుంపుల వారీగా లాటరీ వేసే పరిశోధన పేరు క్లస్టర్ రాండమైజ్డ్ ట్రయల్.

ఇక్కడ పక్షపాతమంటే ఎవరో కావాలని చేసే మోసం కాదు. పరిశోధన నడిపిన తీరు వల్లే ఫలితం నిజానికి ఒక పక్కగా, ఎన్నిసార్లు చేసినా అదే పక్కగా, జరిగిపోవడం. అదృష్టం కొద్దీ వచ్చే హెచ్చుతగ్గులు వేరు. ఎక్కువమందిని చేరిస్తే అవి తగ్గుతాయి. పక్షపాతం తగ్గదు. లక్షమందిని చేర్చినా తప్పు అలాగే ఉంటుంది, కాకపోతే మరింత ధీమాగా కనిపిస్తుంది.

రెండు వేలమంది, లెక్కకు ఏడు వందలమంది కూడా కారు

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందంటారు. నిజమే, కానీ తెలిసేది ఆ గిన్నె సంగతి. అదే గిన్నెలోంచి యాభై మెతుకులు పట్టి చూసినా పక్క పొయ్యి మీది గిన్నె గురించి ఏమీ తెలియదు.

వార్డులూ అంతే. కొండవాలు కాలనీలో ఉండేవాళ్లకు కొళాయి వచ్చే వేళ ఒకటే, నీళ్లు పట్టి ఉంచుకునే డ్రమ్ములు ఒకటే, దోమలు ఒకటే. వాళ్లలో ఒకరికి డెంగీ వస్తే పక్కింటివాళ్లకు వచ్చే అవకాశం, నగరం అవతలి కొసన ఉన్నవాళ్లకంటే ఎక్కువ. ఒకే గుంపులోవాళ్లు ఒకరినొకరు ఎంతగా పోలి ఉంటారో చెప్పే అంకెకు ఇంట్రాక్లస్టర్ కోరిలేషన్ అని పేరు. అది సున్నా అయితే పోలికే లేదు, ఒకటి అయితే అచ్చు గుద్దినట్టే. ఆరోగ్య విషయాల్లో సాధారణంగా చిన్నగానే ఉంటుంది, తరచూ 0.05 లోపు. చిన్నదే కదా అని వదిలేస్తే ఏమవుతుందో చూద్దాం.

20 వార్డులు, వార్డుకు 100 మంది, మొత్తం 2,000 మంది అనుకుందాం. పోలిక అంకె 0.02. లెక్క ఇది: గుంపులోని మనుషుల సంఖ్యలోంచి ఒకటి తీసి, పోలిక అంకెతో గుణించి, ఒకటి కలపాలి. 99 ను 0.02 తో గుణిస్తే 1.98, ఒకటి కలిపితే 2.98. ఈ 2,000 మందిని 2.98 తో భాగిస్తే వచ్చేది దాదాపు 671. అంటే ఇన్ని ఇళ్లు తిరిగి పోగుచేసిన సమాచారం, మనిషికొక లాటరీ వేసి 671 మందిని చూసినదానితో సమానం.

పోనీ వార్డుకు 500 మందిని చేరిస్తే? మొత్తం 10,000 మంది అవుతారు. భాగించాల్సిన అంకె 10.98 కి పెరుగుతుంది. అసలు విలువ సుమారు 911. ఐదు రెట్ల చాకిరీకి దక్కిన లాభం అంతే. అదే వార్డులను 40 చేసి, వార్డుకు 100 మందితోనే సరిపెట్టుకుంటే విలువ 1,342. మనుషుల్ని కాదు, గుంపుల్ని పెంచాలన్నది ఈ లెక్క చెప్పే సంగతి.

సరిగ్గా చెప్పాలంటే ఇది పక్షపాతం కాదు, దొంగ ధీమా. గుంపుల వారీగా లాటరీ వేసి, మనుషుల వారీగా వేసినట్టు లెక్క కట్టడం ఆత్మవంచన అని గణాంక శాస్త్రవేత్త జెరోమ్ కార్న్‌ఫీల్డ్ 1978 లోనే తేల్చి చెప్పారు. ఆ పొరపాటు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. కానీ దీనికి లెక్కలో మందుంది. తర్వాత చెప్పబోయేదానికి అంత తేలికైన మందు లేదు.

చీటీ తీశాక మనుషుల్ని వెతికితే

మనిషికొక లాటరీ వేసే పరిశోధనలో వరస ఖాయం. ముందు మనిషి ఒప్పుకుని చేరతాడు, తర్వాత చీటీ తీస్తారు. చేరేటప్పుడు తను ఏ వైపు పడతాడో అతనికీ తెలియదు, చేర్చుకునేవాళ్లకూ తెలియదు. గుంపుల లాటరీలో ఈ వరస తరచూ తిరగబడుతుంది. ముందు వార్డులకు చీటీలు తీస్తారు. ఆ తర్వాత ఒక్కో వార్డుకు వెళ్లి, బీపీ ఉన్నవాళ్లెవరో రండి అంటారు. అప్పటికే అందరికీ తెలుసు, ఈ వార్డులో కొత్త కార్యక్రమం ఉంది, ఆ వార్డులో లేదు.

ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. కార్యక్రమం ఉన్నచోట ఏఎన్ఎం ఉత్సాహంగా ఇల్లిల్లూ తిరుగుతుంది. ఉచితంగా మందులూ పరీక్షలూ అన్నాక జనం కూడా వస్తారు. కొంచెం బీపీ ఉండి, ఇన్నాళ్లూ పట్టించుకోనివాళ్లు సైతం పేరు రాయించుకుంటారు. కంట్రోల్ వార్డులో అంత పట్టింపు ఎవరికి? ఆస్పత్రి చుట్టూ తిరుగుతున్నవాళ్ల పేర్లే పుస్తకంలో పడతాయి.

దీన్ని అంకెల్లో పెడదాం. ఒకేలాంటి రెండు వార్డులు, ఒక్కోదానిలో 300 మంది బీపీ ఉన్నవాళ్లు: 200 మందికి స్వల్పం, 100 మందికి తీవ్రం. కార్యక్రమం ఉన్నా లేకున్నా ఏడాది తిరిగేసరికి స్వల్పంగా ఉన్నవాళ్లలో 60 శాతానికి, తీవ్రంగా ఉన్నవాళ్లలో 20 శాతానికి బీపీ అదుపులోకి వస్తుందనుకుందాం. అంటే కార్యక్రమం వల్ల ఒరిగింది శూన్యం.

కార్యక్రమం ఉన్న వార్డులో 300 మందీ చేరారు. 120 మందికీ 20 మందికీ కలిపి 140 మందికి అదుపు. దాదాపు 47 శాతం. కంట్రోల్ వార్డులో తీవ్రంగా ఉన్న 100 మందీ, స్వల్పంగా ఉన్నవాళ్లలో 50 మంది మాత్రమే చేరారు. 30, 20 కలిపి 50 మందికి అదుపు. 150 లో అది 33 శాతం. ఏమీ చేయని కార్యక్రమానికి పదమూడు శాతం పాయింట్లకు పైగా ఘనత దక్కింది. ఎవరూ అబద్ధం రాయలేదు, చీటీలు నిజాయితీగానే తీశారు. లాటరీ సమానం చేసింది వార్డుల్ని. ఆ వార్డుల్లోంచి పుస్తకంలోకి ఎక్కిన మనుషుల్ని కాదు.

ఇది కాగితం మీది భయం కాదు. బ్రిటన్‌లో నడుమునొప్పి మీద యూకే బీమ్ అనే పెద్ద పరిశోధనకు ముందు చిన్నస్థాయిలో పరీక్షించి చూశారు. కొన్ని క్లినిక్‌ల డాక్టర్లకు కొత్త పద్ధతిలో శిక్షణ ఇచ్చారు, కొన్నిటికి ఇవ్వలేదు. శిక్షణ పొందిన క్లినిక్‌లు మిగతావాటికి రెండు రెట్లకు పైగా రోగులను చేర్చాయి. చేరిన రోగులు కూడా రెండు వైపులా ఒకేలా లేరు. మొదట్లోనే పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. అలాంటిది పెద్ద పరిశోధన అయిపోయాక బయటపడితే చేయగలిగింది చాలా తక్కువ. వయసు, తీవ్రత లాంటివాటిని బట్టి లెక్క సర్దవచ్చు, కానీ కొలిచినవాటినే సర్దగలం. ఏ ఉత్సాహంతో ఒకరు చేరారో, ఏ విసుగుతో ఇంకొకరు మానేశారో ఏ ఫారంలోనూ ఉండదు.

అందుకే వైద్య పరిశోధనలను పోగుచేసి సమీక్షించే కాక్రేన్ సంస్థవాళ్లు వాడే పక్షపాత పరీక్షా పట్టికలో గుంపుల లాటరీ పరిశోధనలకు ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది: మనుషుల్ని ఎప్పుడు గుర్తించారు, ఎప్పుడు చేర్చారు? నా మటుకు నేను ఇలాంటి పరిశోధన ఏది చదివినా మొదట వెతికేది ఈ జవాబే.

వరస సరిచేసిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 లో మొదలైన స్కూల్ ఛాయిస్ పరిశోధనలో, ప్రైవేటు బడిలో చదివేందుకు ఓచర్లు ఇస్తే పిల్లల చదువు మెరుగవుతుందా అని చూశారు. 5 జిల్లాల్లో 180 ఊళ్లు. ముందు అన్ని ఊళ్లలోనూ తల్లిదండ్రుల నుంచి దరఖాస్తులు తీసుకున్నారు. ఆ తర్వాతే లాటరీ వేసి 90 ఊళ్లను పథకంలోకి తెచ్చారు, 90 ఊళ్లను వదిలారు. పథకం వచ్చిన ఊళ్లలో మళ్లీ ఇంటింటి లాటరీ. దరఖాస్తు పెట్టేనాటికి తన ఊరికి పథకం వస్తుందో రాదో ఎవరికీ తెలియదు కాబట్టి, రెండు వైపులా ఆశపడ్డవాళ్లనే ఒకరితో ఒకరిని పోల్చగలిగారు. చివరికి తెలుగు, లెక్కల మార్కుల్లో తేడా కనబడలేదు, హిందీలో కనబడింది.

అన్నిచోట్లా ఇలా కుదరదు. వచ్చే ఏడాది గర్భం దాల్చబోయేవాళ్లను ఈ ఏడాదే ఎలా చేరుస్తాం? రేపు జ్వరం రాబోయేవాళ్ల జాబితా ఎవరి దగ్గరుంటుంది? అలాంటప్పుడు రెండు దారులున్నాయి. ఎంపికకు తావు లేకుండా, ఆ వార్డులోని అందరినీ ఓటర్ల జాబితానో ఆస్పత్రి రికార్డులనో పట్టుకుని లెక్కలోకి తీసుకోవడం ఒకటి. ఏ వార్డు ఏ వైపో తెలియని బయటివాళ్లతో చేర్పించడం ఇంకొకటి.

ఇండోనేషియాలోని యోగ్యకర్తలో డెంగీ మీద జరిగిన పరిశోధనలో ఇంకో ఉపాయం పన్నారు. నగరాన్ని 24 ముక్కలు చేసి, లాటరీ వేసి 12 ముక్కల్లో వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఉన్న దోమల్ని వదిలారు. ఆ బ్యాక్టీరియా ఉన్న దోమలో డెంగీ వైరస్ అంతగా పెరగదు. జ్వరంతో క్లినిక్‌కు వచ్చినవాళ్లను అది ఏ జ్వరమో తేలకముందే చేర్చుకున్నారు. తర్వాత ల్యాబ్ పరీక్షలో డెంగీ అని తేలినవాళ్లు ఒకవైపు, ఇతర జ్వరాలవాళ్లు ఇంకోవైపు. చేర్చుకునే క్షణాన ఎవరిది డెంగీయో తెలియదు కాబట్టి మొగ్గు చూపడానికి సందు లేదు. 2021 లో వెలువడిన ఫలితం: డెంగీ 77 శాతం తగ్గింది.

138 రాయాలా, 142 రాయాలా?

పాతకాలపు బీపీ మిషన్ పక్కన నిలబడి చూస్తే ఒకటి అర్థమవుతుంది. పాదరసం మెల్లగా దిగుతూ ఉంటుంది. చెవిలో చప్పుడు ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగిందన్నది విన్నవాళ్ల అంచనా. 140 కి అటూఇటూగా ఉన్నప్పుడు, ఈవిడ మన కార్యక్రమంలో ఆరు నెలలుగా మందులు వాడుతోంది కదా అన్న ఊహ చేతిని 138 వైపు లాగుతుంది. పక్క వార్డులో అదే చప్పుడు 142 అవుతుంది. అదుపులో ఉందా లేదా అన్న గీత 140 దగ్గర గీస్తే, ఈ నాలుగు అంకెలే ఫలితాన్ని తిరగరాయగలవు.

అడిగి రాసుకునే ఫలితాలతో ఇంకా చిక్కు. మీ పాపకు గత వారం విరేచనాలయ్యాయా అని అడిగితే, ఉచితంగా ఫిల్టర్ తీసుకున్న తల్లి ఏం చెబుతుంది? మొహమాటానికైనా లేదంటుంది. నీటిని శుభ్రం చేసే పద్ధతుల మీద, ఎవరికి ఏది ఇచ్చారో తెలిసిన పరిశోధనల్లో పెద్ద లాభాలు కనిపించాయి. ఒడిశాలో రెండు వేలకు పైగా ఇళ్లకు క్లోరిన్ బిళ్లలు, ఉత్తి బిళ్లలు ఎవరికీ తెలియకుండా పంచి చూస్తే పిల్లల విరేచనాల్లో తేడా తేలలేదు. క్లోరిన్ పనికిరాదనడానికి ఇదొక్కటే చాలదు. అంత గట్టిగా అందరూ వాడలేదన్న వాదనా ఉంది. కానీ తెలిసి చెప్పే జవాబులకు ఎంత విలువివ్వాలో మాత్రం ఇది ప్రశ్నిస్తుంది.

కోల్‌కతాలో టైఫాయిడ్ టీకా పరిశోధన దీన్ని చక్కగా దాటింది. 80 ప్రాంతాలకు లాటరీ వేసి సగానికి టైఫాయిడ్ టీకా, సగానికి హెపటైటిస్ ఎ టీకా ఇచ్చారు. అందరికీ సూది పడింది, అందరికీ ఏదో ఒక మేలు దక్కింది, ఎవరిది ఏదో తెలియలేదు. 2009 లో అచ్చయిన ఫలితాల ప్రకారం టీకా వేయించుకున్నవాళ్లకు 61 శాతం రక్షణ. టైఫాయిడ్ టీకా ఇచ్చిన ప్రాంతాల్లో వేయించుకోనివాళ్లకు కూడా 44 శాతం రక్షణ దొరికింది. ఈ రెండో అంకె తెలియాలంటే గుంపుల లాటరీ తప్ప దారి లేదు.

ఎనిమిది చీటీలతో సమానత్వం రాదు

లాటరీ రెండు వైపులా సమానం చేస్తుందన్న మాట పెద్ద సంఖ్యలకు వర్తిస్తుంది. విశాఖలో 8 వార్డులు తీసుకుని, అందులో 4 కొండవాలువి, 4 చదును నేలవి అనుకోండి. నాలుగేసి చొప్పున లాటరీలో విడదీస్తే 70 రకాలుగా పడొచ్చు. కొండవాలు వార్డులు రెండు వైపులా రెండేసి పడేది 36 రకాల్లోనే. మిగతా 34 సార్లు, అంటే దాదాపు సగం సార్లు, ఒక వైపు మూడో నాలుగో పోగుపడతాయి. డ్రమ్ముల్లో నీళ్లు దాచుకోక తప్పని కాలనీలన్నీ ఒకే పక్క చేరితే తర్వాత వచ్చిన తేడా మందుదా, డ్రమ్ములదా?

అందుకని కొండవాలు వార్డులకు వేరుగా, చదును వార్డులకు వేరుగా చీటీలు తీస్తారు. ఒకేలాంటి రెండేసి వార్డులను జతకట్టి, జతలో ఒకదానికి ఇచ్చే పద్ధతీ ఉంది. జతకట్టడం మీద నిపుణుల్లో ఏకాభిప్రాయం లేదు. పోలిక బాగా కుదిరితే తక్కువ గుంపులతోనే పని జరుగుతుందని కొందరంటారు. ఒక వార్డు మధ్యలో తప్పుకుంటే దాని జతా పనికిరాకుండా పోతుందని, లెక్కలో స్వేచ్ఛ తగ్గుతుందని మరికొందరు. నాకైతే నాలుగైదు గుంపులతో చేసినదాన్ని ఏ పద్ధతీ పూర్తిగా ఒడ్డున పడేయలేదనిపిస్తుంది.

అందినవాళ్లనే లెక్కేస్తే

లాటరీలో పేరు వచ్చిన వార్డులన్నిటికీ కార్యక్రమం అందదు. ఎక్కడో సిబ్బంది లేరు, ఎక్కడో సామాన్లు రాలేదు. అందిన వార్డులనే లెక్కలోకి తీసుకుందామన్న కోరిక పుడుతుంది. కానీ బాగా నడిచే వార్డులు మామూలుగానే బాగుండే వార్డులు. వాటిని ఏరుకుంటే లాటరీ వేసి లాభమేంటి?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఉపాధి కూలీనీ పింఛన్లనూ వేలిముద్రల స్మార్ట్‌కార్డుల ద్వారా ఇచ్చే పద్ధతిని 8 జిల్లాల్లో మండలాల వారీగా లాటరీ వేసి పరీక్షించారు. ముందుగా అమలు చేయాల్సినవి 112 మండలాలు, చివరిదాకా ఆగాల్సినవి 45. రెండేళ్ల తర్వాత కూడా 112 మండలాల్లో సుమారు సగం చెల్లింపులే కార్డుల మీద జరుగుతున్నాయి. అయినా పరిశోధకులు అమలైనవాటిని ఏరుకోలేదు. 112 నూ మొత్తంగా 45 తో పోల్చారు. సగమే అమలైనా కూలీ డబ్బు త్వరగా అందిందని, మధ్యలో కారిపోయేది తగ్గిందని తేలింది. ఆదర్శంగా అమలైతే ఎంత మేలన్న ప్రశ్నకు ఇది జవాబు కాదు. ప్రభుత్వం చేపడితే ఉన్నదున్నట్టుగా ఎంత మేలన్నదానికి జవాబు.

అసలు గుంపుల లాటరీ అవసరమా?

కొత్త పద్ధతి పక్కనున్న కంట్రోల్‌వాళ్లకూ అంటుతుందన్న భయంతోనే చాలామంది గుంపుల లాటరీకి వెళతారు. ఈ భయం అతిగా ఉందని బ్రిటన్ పరిశోధకుడు డేవిడ్ టోర్గర్సన్ 2001 లో వాదించారు. ఆయన వాదనను మన లెక్కలో పెట్టి చూద్దాం. కొత్త సలహా వల్ల నిజంగా 10 పాయింట్ల మేలుందనుకోండి. మనిషికొక లాటరీ వేశాం, కంట్రోల్‌వాళ్లలో 30 శాతం పక్కింటివాళ్ల దగ్గర విని అదే పాటించారు. తేడా 7 పాయింట్లకు పడిపోతుంది. పదికి బదులు ఏడును పట్టుకోవాలంటే సుమారు రెట్టింపు మంది కావాలి. వార్డుల లాటరీలో అయితే ఇందాకటి లెక్క ప్రకారం దాదాపు మూడు రెట్లు. పైగా అంటుకోవడం వల్ల మేలు తక్కువగా కనిపిస్తుందే తప్ప, లేని మేలు పుట్టుకురాదు. చీటీ తీశాక మనుషుల్ని వెతికితే పుట్టుకొస్తుంది.

అవతలి పక్షం చెప్పేదీ కొట్టిపారేయలేం. ఎంతమందికి అంటుకుంటుందో ముందే ఎవరు చెప్పగలరు? 30 శాతం కాక 60 అయితే? నిజంగా పనిచేసే పద్ధతిని పనిచేయదని పక్కన పెట్టేయడమూ నష్టమే. పైగా కొన్ని పనులు మనిషి దగ్గర మొదలవవు. పశ్చిమ గోదావరిలో గుండెజబ్బు ముప్పు ఉన్నవాళ్ల కోసం ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లెట్ ఇచ్చి నడిపిన స్మార్ట్‌హెల్త్ పరిశోధనలో 18 పీహెచ్‌సీలను విడతల వారీగా, లాటరీ వరసలో చేర్చారు. అక్కడ మారింది ఆశా పనిచేసే తీరు. దాన్ని ఇంటికొక రకంగా విడదీయడం కుదరదు. విడతల పద్ధతికి దాని తంటా దానికుంది. కాలం గడిచేకొద్దీ మందుల సరఫరానో జనం అవగాహనో ఎటూ మెరుగైతే, చివర్లో చేరినవాటికి ఆ మెరుగుదల కలిసొస్తుంది. అందుకే లెక్కలో కాలం ప్రభావాన్ని విడిగా తీసేయాలి.

ఒప్పుకోలు సంగతి ఇంకా తేలలేదు. వార్డంతటికీ మందు కొట్టాక నేనొప్పుకోను అనే హక్కు ఒక్కరికి ఎలా ఇస్తారు? అన్నీ ముందే విప్పి చెబితే జవాబులు మారిపోతాయని పరిశోధకుల గోడు, చెప్పకుండా చేయడం తప్పని నైతిక నిపుణుల మాట. 2012 లో వచ్చిన ఒట్టావా ప్రకటన ప్రకారం, ఊరి పెద్దో కమిషనరో అనుమతి ఇచ్చినంత మాత్రాన అది మనుషుల ఒప్పుకోలుకు బదులు కాదు. ఒప్పుకోలు మినహాయించాలంటే, ముప్పు నామమాత్రమై, ఆ మినహాయింపు లేకపోతే పరిశోధనే సాగనప్పుడు మాత్రమే, అదీ నైతిక కమిటీ ఒప్పుకుంటేనే.

యూకే బీమ్ వాళ్లు ఏం చేశారో చెప్పలేదు కదా. క్లినిక్‌ల లాటరీని పక్కన పెట్టి, 1,334 మంది రోగులకు ఒక్కొక్కరిగా లాటరీ వేసి అసలు పరిశోధన పూర్తిచేశారు. నడుమునొప్పి కాబట్టి అది కుదిరింది. యోగ్యకర్తలో దోమలకు కుదిరేది కాదు.